భీమునిపట్టణపు నల్లయిసుక



పుణ్యక్షేత్రములను గూర్చియు, దూరదేశములను గూర్చియు వ్రాసిన యాత్రావ్యాసములు మీరు ఈ పుటలలో పలుమారు చదివియుందురు. నేను వ్రాయబూనినది అంతటి యాత్ర కాదు. మా యింటినుండి రెండుగంటల ప్రయాణములోనున్న భీమునిపట్టణమునకు ఒకదినము పోయివచ్చితిమి, అంతియే. పోయినది వినోదమునకును కాదు. ఇంటిలో నొక దిగులు చేరియుండగా దానిని కొంత మరచుటకై పోయితిమి. తిరిగివచ్చునప్పటికి దిగులు తీరలేదు గాని, దాని మూలమెక్కడ నున్నదో తెలిసినది. ఆ సంగతి మనబోటి ఇల్లాండ్రకు కూడ తెలియదగినదని తోచి వ్రాయుచున్నాను.

మావారు విజయనగరము జిల్లాలోని యొక పల్లెలో ఉపాధ్యాయులు. నా తమ్ముడు విద్యుత్తుతో నడచు స్కూటర్లకు మోటారులు తయారుచేయు నొక చిన్న కర్మశాలలో పనిచేయుచున్నాడు. వానికి శ్రావణమాసమున వివాహము చేయ నిశ్చయించి తాంబూలములు కూడ పుచ్చుకొంటిమి. 2025 సంవత్సరము జ్యేష్ఠమాసమున ఒకనాటి సాయంకాలము వాడు సంచి భుజమునకు తగిలించుకొని మా గుమ్మములో నిలిచెను.

"సెలవు పెట్టి వచ్చావా నాయనా?" అని యడిగితిని.

"సెలవు వాళ్ళే ఇచ్చారక్కా. అయస్కాంతాలు రాలేదుట. అవి వచ్చేదాకా సగంమందిమి పనిలోకి రానక్కరలేదన్నారు. అంతవరకూ జీతం కూడా లేనట్టే."

నాకు మొదట నవ్వు వచ్చెను. అయస్కాంతమనగా పిల్లలు గుండుసూదులు ఏరుకొను ఆటవస్తువని కదా మన యెరుక! అది రాలేదని మనుష్యులను ఇండ్లకు పంపుదురా? వాడు సంచిలోనుండి పాడైన మోటారులోని బిళ్ళ నొకదానిని తీసి నా చేతిలో పెట్టెను. రెండుగోళ్ల వెడల్పు కూడ లేదు. వంటయింటి ఇనుపపెనమున కంటించి లాగి చూడుమనెను. లాగితిని, రాలేదు. రెండుచేతులతో ప్రక్కకు జరిపి జరిపి ఊడదీయవలసివచ్చెను. నా నవ్వు ఆగిపోయెను.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట మావారు విషయమును విడమరచి చెప్పిరి. ఈ బిళ్ళ ఇనుము, బోరాన్, నియోడిమియమ్ అను మూడింటి మేళవింపు. 1980 ప్రాంతములలో జపానులోను అమెరికాలోను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా దీనిని కనుగొనిరి. మోటారు వేడెక్కినపుడు దీని శక్తి సడలకుండుటకై డిస్ప్రోసియమ్ అను మరియొక లోహమును రవ్వంత చేర్చుదురు. నియోడిమియమును డిస్ప్రోసియమును విరళ మృత్తికలను కుటుంబములోనివి. వార్తాపత్రికలు వీనినే రేర్ ఎర్త్‌లనుచున్నవి. ఈ కుటుంబమున 17 మంది కలరు. పేరు విరళమే గాని భూమిలో ఇవి అంత విరళములు కావు. ఒకచోట కుప్పగా దొరకకపోవుటయు, దొరికినవి కవలపిల్లలవలె ఒకదానినొకటి పోలియుండి విడదీయ శక్యము గాకుండుటయు వీని గుణము. ఆ విడదీయు పనిలోను అయస్కాంతములు చేయుటలోను నూటికి సుమారు తొంబదిపాళ్లు నేడు చైనాదేశముదే. అమెరికా సుంకములు పెంచినదని కినిసి ఆ దేశము 2025 ఏప్రిల్ 4వ తేదీన ఏడు విరళ మృత్తికలను, వానితో చేసిన అయస్కాంతములను అనుమతిపత్రము లేనిదే గడపదాటనీయమని శాసించెను. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్లు ఆ దెబ్బ మన కర్మశాలలకును తగిలెను.

తమ్ముడు రెండుదినములు ఎవరితోను మాటాడక గోడవైపు తిరిగి పండుకొనెను. వియ్యపురాలు ఫోనుచేసి, పిల్లవాని ఉద్యోగము నిలుకడగా నున్నదా యని మెల్లగా అడిగెను. నేనేమి బదులు చెప్పుదును? మూడవనాడు మావారు, "ఇంట్లో కూర్చుని గోడలు చూడడమెందుకు? అందరం భీమిలి వెళ్ళివద్దాం పదండి. నీ అయస్కాంతానికి పుట్టిల్లు చూపిస్తానోయ్" అని వానిని లేవదీసిరి.

తెల్లవారుజామున చద్దన్నము కట్టుకొని, మా అమ్మాయిని వెంటబెట్టుకొని బస్సెక్కితిమి. దారిపొడుగున మామిడితోపులు, తగరపువలసలో తాటిముంజెల బుట్టలు. అచ్చట గోస్తనీనది దాటి, ఎండ ముదరకమునుపే భీమునిపట్టణము చేరితిమి.

ఈ యూరి పేరునుబట్టి భారతకథ స్ఫురింపకపోదు. బకాసురుని చంపిన పిమ్మట భీముడు ఇచ్చటి కొండపై నరసింహస్వామిని ప్రతిష్ఠించెనని స్థలపురాణము. ఆ కొండపైననే బౌద్ధుల శిథిలములును కలవు. తీరమున దీపస్తంభము, దానికి కొంత దూరమున డచ్చివారి సమాధులు. మన పెద్దలు వారిని ఒలందావారనెడివారు. పదునేడవ శతాబ్దమున వారు ఈ రేవునకు వచ్చినది మన నేతబట్టలకై. ఇచ్చట 1861లోనే పురపాలకసంఘ మేర్పడెను. ఆ సమాధుల నడుమ నడచుచు మావారు, "ఆనాటి ఓడలు మన చేతిపనిని కొనుక్కుపోయాయి. తరవాతి ఓడలు ఏం పట్టుకుపోయాయో ఇసుకలోకి వెళ్ళాక చెప్తాను" అనిరి.

ఇసుకలోనికి పోయితిమి. ఒడ్డుపొడుగునను చీర అంచువలె నల్లని చారలు. మా అమ్మాయి ఎవరో సిరా ఒలుకబోసిరనుకొనెను. దోసిట పట్టగా ఆ నల్లయిసుక తెల్లయిసుకకంటె బరువుగా తోచెను. తూర్పుకనుమల రాళ్లు యుగయుగములుగా వానకును ఎండకును చివికి, వంశధార, నాగావళి, గోస్తనివంటి నదులవెంట సముద్రము చేరును. సముద్రుడు ఊరకుండడు. మనము చాటతో చెరిగినట్లు అలలతో చెరుగును. తేలికయైన తెల్లయిసుక వెనుకకు పోవును. బరువైనది ఒడ్డున నిలుచును. ఆ నిలిచినదే ఈ నల్లని చార. దీనిలో టైటానియమునకు మూలమైన ఇల్మనైటు, సానరాళ్లకు పనికివచ్చు ఎఱ్ఱని గార్నెట్టు, అణుశక్తిశాలలకు కావలసిన జిర్కాను కలవు. అన్నింటికంటె స్వల్పముగా, తేనెరంగున, కంటికి ఆనియు ఆనని రేణువులుగా మోనజైటు కలదు. విరళ మృత్తికలు దాగియున్నది ఆ మోనజైటులోనే.

తమ్ముడు తన బిళ్ళను పలుచని గుడ్డలో చుట్టి ఇసుకలో త్రిప్పెను. క్షణములో దానికి నల్లని గడ్డము మొలచెను. అమ్మాయి చప్పట్లు కొట్టెను. "అదేనా మోనజైటు?" అని నేను ఆశతో నడిగితిని.

"కాదు" అనిరి మావారు. "అంటుకున్నదంతా ఇనుము కలిసిన రేణువులు. మోనజైటు ఇంత సులువుగా అంటుకోదు. దాన్ని పట్టాలంటే పెద్దయంత్రాలు కావాలి."

అయస్కాంతమునకు కన్నతల్లి అయస్కాంతమునకు చిక్కదన్నమాట! తమ్ముడు రెండుదినములకు మొదటిసారి నవ్వెను.

దేశమందలి మోనజైటు ఒక కోటి 31 లక్షల టన్నులకు పైబడియున్నదనియు, దానిలో 72 లక్షల టన్నుల విరళ మృత్తికల ఆక్సైడులున్నవనియు అణుఖనిజ శాఖవారి లెక్క. దానిలో నాలుగవ వంతునకు మించి మన ఆంధ్రదేశపు తీరముననే కలదు. ఇంత సంపద గలవారము ఎంత తీయుచున్నాము? 2024లో ప్రపంచమంతట తీసిన విరళ మృత్తికలు 3,90,000 టన్నులు కాగా మనము తీసినది 2,900 టన్నులు. నూటికి ఒకపాలు కూడ లేదు.

ఓడల కథ యిప్పుడు చెప్పెదను. పూర్వము పెండ్లిపందిళ్లలో వెలిగించు పెట్రోమాక్సు దీపములు మనలో పెద్దవారికి జ్ఞప్తినుండును. వాని వెలుగంతయు లోపలి తెల్లని మేంటిల్ సంచిలోనిదే. దానికి పూయునది మోనజైటునుండి తీసిన థోరియము. 1909లో షోంబర్గ్ అను జర్మను రసాయనజ్ఞుడు తిరువాన్కూరునుండి వచ్చిన కొబ్బరిపీచులో అంటియున్న ఇసుకను పరీక్షించి దానిలో మోనజైటు కలదని కనుగొనెను. నాటినుండి మనవలకురిచ్చి తీరపు ఇసుక ఓడలకెత్తబడి విదేశములకు పోయెను. అచ్చట దీపములు చేసి మనకే అమ్మిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ అను సంస్థను స్థాపించి, 1952లో కేరళలోని ఆలువాయిలో, పెరియారునది యొడ్డున, విరళ మృత్తికల కర్మాగారమును తెరచిరి. అనగా ఈ విద్యలో మనము వెనుకవచ్చినవారము కాము; ముందు బయలుదేరి నడుమ నిలిచిపోయినవారము. చైనాసరుకు చౌకగా దొరకుచుండగా శ్రమపడుట యెందులకని ఒక్క మనమే కాదు, అమెరికావారును అనుకొనిరి. ఒకప్పుడు ప్రపంచమునకు విరళ మృత్తికలు పంచిన వారి మౌంటెన్‌పాస్ గని 2002లో మూతబడి, మరల తెరచుటకు పెక్కేండ్లు పట్టెను.

అక్కలారా, వడ్లు గాదెలో నున్నంతమాత్రమున ఆకలి తీరునా? దంపవలెను, చెరుగవలెను, రాళ్లేరవలెను, ఎసరుపెట్టి వండి వార్చవలెను. ఇసుక మన గాదె. నేడు ఒడిశాలోని గంజాము జిల్లా ఛత్రపురమున మోనజైటును కాస్టిక్ సోడాతో మరిగించి విడగొట్టుచున్నారు. ఆ ద్రవ్యమును ఆలువాయికి పంపి, వందలకొలది అంచెలలో వడగట్టినట్లు ఒక్కొక్క మూలకమును వేరుచేయుచున్నారు. దంపుట, చెరుగుట అంతవరకు వచ్చినవి. వంట మాత్రము పొరుగింట! నియోడిమియమును లోహముగా మార్చి అయస్కాంతముగా పోతపోయు శాలలు చాలినన్ని లేక, మన సరుకును విశాఖపట్టణ సమీపముననే ఒక జపాను సంస్థ శుద్ధిచేసి తమ దేశమునకు పంపుకొనుచుండెను. ఆ ఎగుమతిని ఆపుమని మన ప్రభుత్వము కోరినట్లు 2025 జూనులో వార్తలు వచ్చెను. పుట్టిన యిల్లు మనది, పెరిగిన యిల్లు వేరొకరిది. తుదకు ఆ బిడ్డనే మనము ధనమిచ్చి తెచ్చుకొనుట!

మేమిట్లు ఇసుకలో చతికిలబడి మాటాడుచుండగా చేపలగంప దించుకొని యొక జాలరిస్త్రీ మాయొద్ద నిలిచెను.

"ఏటమ్మా, ఇసకలో ఏటెతుకుతున్నారు? తవ్వడానికొచ్చినోళ్ళు కారుగదా?"

కామని చెప్పితిని.

"వలలు ఆరేసుకునేది దీనిమీదేనమ్మా. పడవ లాగి పెట్టుకునేదీ ఇక్కడే. ఇది తవ్వీసినాక మేం ఏటి చేత్తాం?"

నాకు చప్పున ఉత్తరము తోచలేదు. అంతవరకు ఈ నల్లని చార తవ్వి తీసినచో నా తమ్ముని పెండ్లి నిలుచునని మనసులో లెక్కలు కట్టుచున్నదానను. ఆమెకు అదే ఇసుక పెరడు, కళ్లము, గాదె. నా తమ్ముని అన్నమెంత నిజమో ఆమె అన్నమును అంతే నిజము. తమ్ముడు మాట లేకుండ లేచి గుడ్డ విప్పి, బిళ్ళకంటిన ఇసుకనంతయు అచ్చటనే దులిపివేసెను.

భాగవతములోని క్షీరసాగరమథనము మీరెరుగనిది కాదు. చిలుకగా మొదట వచ్చినది అమృతము కాదు, హాలాహలము. మోనజైటు కథయు నట్టిదే. దానిలో థోరియము కలదు. థోరియము రేడియోధార్మిక పదార్థము. ఆ కారణముననే సముద్రపుటిసుకలోని ఈ ఖనిజములను ప్రభుత్వ సంస్థలు తప్ప ఇతరులు తీయరాదని 2019లో నిర్ణయించిరి. వేరుచేసిన థోరియమును భావికాలపు అణువిద్యుత్తునకై భద్రపరచుచున్నారు. చైనాసరుకు చౌక యగుటకు వారి విద్యయే కాక, ఆ విషమును తమ నేలపై ఓర్చుకొనుటయు నొక కారణము. అచ్చటి బావోటౌ నగరము చెంత శుద్ధిశాలల వ్యర్థములు నిండిన మహాతటాకమే యున్నది. మనమును పరాధీనత వదలించుకొనదలచినచో హాలాహలమును ఎవరు, ఎక్కడ, ఎట్లు నిలుపుదురో మొదట తేల్చుకొనవలెను. దానిని జాలరిపేటల నెత్తిన పోసి, అమృతమును పట్టణములు పంచుకొనుట ధర్మము కాదు.

మధ్యాహ్నము ఆటోలో విశాఖపట్టణపు త్రోవను కొంతదూరము పోయి ఎఱ్ఱమట్టిదిబ్బలు చూచితిమి. కుంకుమ ఆరబోసినట్లున్న ఆ దిబ్బలను గాలియు సముద్రమును వేలయేండ్లు కూర్చి పెట్టినవి. వానలు చీల్చిన లోయలలో నిలిచి తలయెత్తి చూడగా మాట రాదు. ఈ ఎఱ్ఱయిసుకలోను ఆ ఖనిజములు కొంత కలవు. అయినను వీనిని ముట్టరాదు. దేశపు భూవారసత్వ స్థలములలో ఇదియొకటి. 2025 సెప్టెంబరులో యునెస్కోవారి తాత్కాలిక జాబితాలోను దీనికి చోటు లభించెను. తవ్వదగిన తావు వేరు, తవ్వరాని తావు వేరు అని గీత గీయుట కూడ స్వయంపోషణలో నొక భాగమే. ఇల్లు గడువలేదని దేవుని గూటిలోని దీపపుకుంది అమ్ముకొందుమా?

ఆ దిబ్బలపైనుండి దక్షిణముగా చూచుచు మావారు మరియొక మాట చెప్పిరి. ఆ వైపున విశాఖపట్టణమున భాభా పరిశోధనకేంద్రపు ఆవరణలో సమేరియమ్, కోబాల్టు లోహములతో ఏడాదికి 3,000 కిలోల అయస్కాంతములు చేయగల శాలను 2023 మే నెలలో జాతికి అంకితము చేసిరట. "చిన్నదే. కానీ వంట మనింట్లో మొదలైంది" అనిరి. మేము తిరిగివచ్చిన కొన్నినెలలకు, 2025 నవంబరులో, ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతములు స్వదేశమున తయారగునట్లు 7,280 కోట్ల రూపాయల పథకమును కేంద్రప్రభుత్వ మంగీకరించెను. అదే సంవత్సరము జనవరిలో కీలక ఖనిజములన్నింటికై ఒక జాతీయ ఉద్యమమును ప్రకటించియుండిరి. కాగితముపై వ్రాసినది కొలిమిలోనికి వచ్చుటకు కాలము పట్టును. అదియుగాక మన మోనజైటులో డిస్ప్రోసియమువంటివి మిక్కిలి స్వల్పము. వానికై ఇతరదేశములతో స్నేహము తప్పదు. పరాధీనత వలదనుట పొరుగువారితో ఇచ్చిపుచ్చుకొనుట మానుట కాదు. ఒక్క యింటి గుమ్మముననే పడిగాపులు కాయకుండుట. 2010లో చైనాతో తగవు వచ్చి ఇట్టి చిక్కులో పడిన జపానువారు ఆస్ట్రేలియా గనులకు ధనసహాయము చేసిరి, తక్కువ లోహముతో పనిజరుపు ఉపాయములు వెదకిరి, పాతవస్తువులనుండి లోహమును మరల తీయ నేర్చిరి. నూటికి తొంబదిగా నున్న వారి పరాధీనత పదియేండ్లలో ఇంచుమించు అరువదికి దిగెను. సున్నకు దిగలేదు, అయినను ఊపిరి తీసికొన వీలయ్యెను.

ఇందు మనవంతు ఏమియు లేదా? ఇంటికి వచ్చిన రాత్రి నేను బీరువా అడుగుసొరుగు తెరచితిని. పాడైన ఫోనులు మూడు, చెవికి పెట్టుకొను గొట్టములు, పిల్లల ఆటమోటారులు, మూగవోయిన స్పీకరు ఒకటి బయటపడెను. ప్రతిదానిలోను ఒక అయస్కాంతపు తునకయో, లిథియమో, కోబాల్టో కలదు. లిథియమును కోబాల్టును మనదేశమునకు విదేశములనుండియే రావలసినవి. పాతసామానులవానికి వేసినచో వాడు రాగికై తీగలు కాల్చి మిగిలినది పారవేయును. ఇట్టివానినుండి లోహములు తిరిగితీయు శాలలకు 2025 సెప్టెంబరులో ప్రభుత్వము 1,500 కోట్ల ప్రోత్సాహము ప్రకటించెను. కాని వస్తువు సొరుగు దాటి సరియైన చోటికి చేరనిదే ఆ శాల యేమి చేయగలదు? నేను వానినన్నిటిని ఒక డబ్బాలో వేసి, విజయనగరము పోయినపుడు అనుమతిగల సేకరణకేంద్రమున ఇచ్చివచ్చితిని. చారెడు బియ్యమును నేలపాలు కానీయని మనకు ఈ పొదుపు క్రొత్తది కాదు.

శ్రావణములో పెండ్లి జరుగలేదు. వియ్యాలవారు మంచివారు; కాచుకొందుమనిరి. విరళ మృత్తికలు లేని సామాన్యపు అయస్కాంతములతో మోటారు కట్టు విధానమును వాని కర్మశాలవారు నేర్చుకొనిరి. అది కొంత పెద్దదియు బరువైనదియు నట; ఐనను నడచును. కార్తికమాసమున తమ్ముని తిరిగి పిలిచిరి. మొదట సగము జీతము, పిమ్మట పూర్తిజీతము. మాఘమున ముహూర్తము పెట్టుకొంటిమి.

వాడు పోవునపుడు ఆ బిళ్ళను మా అమ్మాయికి ఇచ్చిపోయెను. అది నేటికిని మా యింటి ఇనుపబీరువాకు అంటుకొనియే యున్నది. దానిని చూచినప్పుడెల్ల నాకు నల్లని చార ఒకటియు, దానిపై గంప దించుకొని నిలిచిన ఆ తల్లియు జ్ఞప్తికి వత్తురు. మనదేశపు ఇసుకతో మనదేశమున అయస్కాంతము తయారగుగాక. అయినపుడు ఆమె వలలు ఆరవేసికొనుటకు చోటు మిగిలియుండుగాక యని కోరుకొనుచుందును. ఈ రెండును కలిసి నెరవేరినపుడే అది స్వరాజ్యపు సరుకనిపించుకొనును.